రెక్కలూ లెక్కలూ: మీట్‌కి బయల్దేరే సొంత మోడల్‌ కోసం

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి మీద. నెలల తరబడి కూర్చుని బాల్సా (తేలికైన చెక్క) కోసి, అతికించి, రంగులద్దిన స్కేల్ మోడల్‌ని నలుగురూ కలిసే ఫ్లైయింగ్ మీట్‌కి తీసుకెళ్లి ఎగరేయడం ఎలా అని అడిగారు. ప్రశ్నలను కొంత కుదించాం. జవాబులన్నీ రేడియో కంట్రోల్‌తో, ఎలక్ట్రిక్ మోటారుతో ఎగిరే మోడళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ప్రశ్న: సొంత డ్రాయింగుతో కింది రెక్క ఫైటర్ మోడల్ చేశాను. ఈ కొస నుంచి ఆ కొసకి 160 సెం.మీ. రెక్క వెడల్పు మధ్యలో 30 సెం.మీ., కొసన 18 సెం.మీ. బరువు 3.2 కిలోలు, అందులో బ్యాటరీ 600 గ్రాములు. సీజీ (విమానం తూగే బిందువు) ఎక్కడ ఉండాలి? తోక బరువుగా అనిపిస్తోంది, ముక్కులో సీసం ఎంత పెట్టాలి?

జవాబు: ముందు సగటు వెడల్పు కట్టాలి. కొసకి సన్నబడే రెక్కకి మామూలు సగటు పనికిరాదు. 30, 18 కూడితే 48. గుణిస్తే 540. 540ని 48తో భాగిస్తే 11.25. దాన్ని 48లోంచి తీసేస్తే 36.75. అందులో మూడింట రెండు వంతులు 24.5 సెం.మీ. లెక్కలోకి వచ్చే వెడల్పు ఇదే. ఇది మీ రెక్క మీద విమానం మధ్య గీత నుంచి 36.7 సెం.మీ. దూరంలో పడుతుంది. లెక్క మీద నమ్మకం లేకపోతే కాగితం మీద గీసి చూసుకోండి. రెక్క మధ్యలో 30 సెం.మీ. గీతకి వెనకవైపు 18 సెం.మీ. కలపండి. కొసన 18 సెం.మీ. గీతకి ముందువైపు 30 సెం.మీ. కలపండి. ఆ రెండు చివర్లనీ కలిపే అడ్డగీత, రెక్క వెడల్పుకి సరిగ్గా సగంలో కొస దాకా పోయే గీతను తాకిన చోటే అది.

ఆ చోట రెక్క ముందు అంచు నుంచి 25 శాతం అంటే 6.1 సెం.మీ., 30 శాతం అంటే 7.4 సెం.మీ. మొదటి ఎగురుకి 27 శాతం దగ్గర, అంటే 6.6 సెం.మీ. దగ్గర పెట్టండి. ఆ బిందువు నుంచి మూలమట్టంతో విమానం మధ్య గీతకి లంబంగా గీత తెచ్చి, బాడీ పక్కన రెక్క మీద గుర్తు పెట్టుకోండి. రెక్క వెనక్కి వాలి ఉంటే, బాడీ దగ్గర ముందు అంచు నుంచి కొలిచిన అంకె 6.6 కాదు, అంతకన్నా ఎక్కువే వస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో నేలకొరిగిన మోడళ్లు చాలా ఉన్నాయి.

తూచేటప్పుడు కింది రెక్క మోడల్‌ని వెల్లకిలా తిప్పి పట్టుకోవాలి. బరువంతా రెక్కకి పైన ఉంటుంది కాబట్టి మామూలుగా పట్టుకుంటే బోర్లా పడబోతుంది, చెయ్యి సరిగ్గా చెప్పదు. బ్యాటరీ, ప్రొపెల్లర్, స్పిన్నర్, కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్ బొమ్మ, అన్నీ ఉండాల్సిందే. ముడుచుకునే చక్రాలుంటే ముడిచీ, తెరిచీ రెండుసార్లు చూడండి. చక్రాలు వెనక్కి ముడుచుకునే విమానాల్లో గాల్లోకి లేచాక సీజీ వెనక్కి జరుగుతుంది.

ఇక సీసం. మీ మోడల్ గుర్తుకన్నా 1.5 సెం.మీ. వెనక తూగుతోందనుకుందాం. 3200 గ్రాములని 1.5తో గుణిస్తే 4800. సీసం పెట్టే చోటు గుర్తుకి 28 సెం.మీ. ముందుంటే 4800ని 28తో భాగించండి. 171 గ్రాములు కావాలి. అదే 600 గ్రాముల బ్యాటరీని 8 సెం.మీ. ముందుకి జరిపితే (600 ఇంటూ 8 కూడా 4800) సీసం అసలే అక్కర్లేదు. అందుకే బ్యాటరీ పళ్లెం అన్ని పనులూ అయ్యాక ఆఖరున అతికించండి. ముందే అతికించేసి తర్వాత ముక్కులో సీసం కూరడం అంటే ఎందుకూ కొరగాని బరువుని ప్రతి ఎగురులోనూ మోయించడమే. మొదటి ప్రపంచ యుద్ధపు పొట్టి ముక్కు విమానాలు చేసేవాళ్లయితే తోక కట్టేటప్పుడే ప్రతి గ్రామూ లెక్క చూసుకోవాలి. తోక దూరం ముక్కు దూరానికి మూడింతలుంటే, తోకలో 10 గ్రాముల జిగురుకి ముక్కులో 30 గ్రాముల సీసం సమాధానం చెప్పాలి.

ప్రశ్న: మోడల్ ఇంకా ఒక్కసారీ ఎగరలేదు. మీట్‌లో అందరి ముందూ మొదటిసారి ఎగరేయాలని ఆశ. చేయొచ్చా?

జవాబు: వద్దు. మీ ఆశ మాకు అర్థమవుతుంది, అయినా వద్దనే చెబుతాం. కొత్త మోడల్ లేచిన మొదటి పది సెకన్లలో ఏ పక్కకి లాగుతుందో ఎవరికీ తెలియదు. ఆ పది సెకన్లు జనం దగ్గర్లో లేని చోట గడవాలి. మీట్‌కి వచ్చేసరికి మోడల్ కనీసం ఎనిమిది, పది ఎగుర్లు పూర్తిచేసి, ట్రిమ్‌లు (చెయ్యి వదిలినా తిన్నగా ఎగిరేలా చేసే చిన్న సర్దుబాట్లు) కుదిరి, ఒక్క స్క్రూ కూడా వదులు కాదని తేలి ఉండాలి.

మొదటి ఎగురుకి ముందు ఇంట్లో బల్ల మీద చేయాల్సిన పని ఉంది. రేడియో ఆన్ చేసి, సర్వోలు (పలకలను కదిపే చిన్న మోటార్లు) బిగిసి ఉండగా, ఎలివేటర్ (అడ్డ తోక వెనక కదిలే పలక) వెనక అంచుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. 1 మి.మీ. కన్నా ఎక్కువ ఆడితే వదలకండి. ఆ సందు ఎక్కడుందో వెతకండి. సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది: సర్వో చెయ్యి రంధ్రం పుష్‌రాడ్ (సర్వో నుంచి పలకకి వెళ్లే కడ్డీ) తీగ కన్నా పెద్దదై ఉంటుంది, లేదా పలకకి బిగించిన హార్న్ స్క్రూలు బాల్సాలోకి దిగబడి ఉంటాయి, లేదా పుష్‌రాడ్ మధ్యలో ఆధారం లేక విల్లులా వంగుతూ ఉంటుంది. మూడోది కనిపెట్టడం కష్టం, ఎందుకంటే లాగినప్పుడు బాగానే ఉంటుంది, తోసినప్పుడే వంగుతుంది. వేగం మీద దిగుతున్నప్పుడు ఈ సందే వణుకుగా మారుతుంది. తోక దగ్గర నుంచి బర్ర్ మని గట్టి శబ్దం వస్తే అది వణుకు. వెంటనే మోటారు తగ్గించి, ముక్కు కొంచెం ఎత్తి వేగం చంపి, దిగిపోవాలి. దిగాక హింజ్‌లు ఒక్కొక్కటీ లాగి చూడకుండా మళ్లీ ఎగరేయకూడదు.

పైన అడిగిన సైజు మోడల్‌కి మొదటిసారి ఎలివేటర్ పైకీ కిందికీ 12 మి.మీ. చొప్పున, ఎయిలరాన్ (రెక్క కొస దగ్గర వెనక కదిలే పలక) పైకి 12, కిందికి 8, రడ్డర్ (నిలువు తోక పలక) అటూ ఇటూ 30 మి.మీ. చాలు. ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందన మెత్తబరిచే అమరిక) 30 శాతం. ఎయిలరాన్ కిందికి తక్కువ ఎందుకంటే, కిందికి దిగిన ఎయిలరాన్ ఆ రెక్కని వెనక్కి లాగుతుంది, ముక్కు తప్పు దిక్కుకి తిరుగుతుంది.

రిసీవర్ రెండు యాంటెన్నాలూ ఒకదానికొకటి లంబంగా, కార్బన్ రాడ్లకీ బ్యాటరీకీ దూరంగా ఉండాలి. రేంజ్ చెక్ మోడ్‌లో (రేడియో సిగ్నల్ తగ్గించి దూరం పరీక్షించే అమరికలో) 30 అడుగులు కాదు, 30 అంగలు నడిచి చూడండి. మోటారు ఆపి ఒకసారి, మోడల్‌ని ఒకరు గట్టిగా పట్టుకోగా మోటారు తిప్పి ఇంకోసారి. మోటారు తిరిగినప్పుడు మాత్రమే సర్వోలు తుళ్లిపడితే స్పీడ్ కంట్రోలర్ వైర్లు రిసీవర్‌కి మరీ దగ్గరగా ఉన్నాయేమో చూడండి. ఆ తర్వాత ప్రొపెల్లర్ తీసేసి, మోటారు మెల్లగా తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపండి. మోటారు ఆగిపోవాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారు ఆపే అమరిక) పెట్టలేదన్నమాట.

గాల్లోకి లేచాక నేరుగా ఎత్తుకి వెళ్లండి. సగం పవర్‌లో ట్రిమ్ చేశాక, తప్పు చేసినా సరిదిద్దుకునేంత ఎత్తులో మోటారు తగ్గించి, ఎలివేటర్ మెల్లగా లాగుతూ స్టాల్ (వేగం చాలక రెక్క విమానాన్ని మోయలేకపోవడం) ఎలా అవుతుందో చూడండి. ముక్కు నిటారుగా వాలిందా, ఒక రెక్క పడిందా, ఎంత ఎత్తు పోయింది, ఇవే దిగేటప్పుడు మీకు కావాల్సిన సమాచారం. ఫ్లాప్‌లు (నెమ్మదిగా దిగడానికి రెక్క వెనక కిందికి తెరిచే పలకలు) కూడా ఆ ఎత్తులోనే మొదటిసారి తెరవాలి. చాలా మోడళ్లలో ఫ్లాప్ తెరవగానే ముక్కు పైకి లేస్తుంది. ఎంత లేస్తే అంత ఎలివేటర్ దానంతటదే కిందికి దిగేలా రేడియోలో మిక్స్ పెట్టుకోవాలి.

ప్రశ్న: తోక చక్రం ఉన్న మోడల్. పరుగు మొదలుపెట్టగానే ఎడమకి లాగేస్తుంది. కుడికి ఎయిలరాన్ ఇస్తే అవ్వట్లేదు. ఒకసారి గాల్లోకి లేస్తూనే ఎడమ రెక్క మీద పల్టీ కొట్టింది. మోటారు తప్పా, నా తప్పా?

జవాబు: రెండూ కావు, అది ప్రొపెల్లర్ స్వభావం. వెనక నుంచి చూస్తే కుడిచేతి వైపుగా తిరిగే ప్రొపెల్లర్ నాలుగు రకాలుగా విమానాన్ని ఎడమకి తిప్పుతుంది. మోటారు ప్రొపెల్లర్‌ని ఒకవైపు తిప్పితే బాడీ రెండోవైపు ఒరగబోతుంది, అందుకే ఎడమ చక్రం నేలని ఎక్కువ నొక్కుతుంది. ప్రొపెల్లర్ గాలి సుడి తిరుగుతూ వెళ్లి నిలువు తోకని ఎడమ పక్కన కొడుతుంది. తోక నేల మీద ఉన్నంతసేపూ కిందికి దిగే బ్లేడు ఎక్కువ లాగుతుంది. తోక లేచే క్షణాన గైరో లాగా ముక్కు మళ్లీ ఎడమకే పోతుంది. వీటికి ఎయిలరాన్‌తో పని లేదు, రడ్డర్ కావాలి.

పరుగు ఇలా మొదలుపెట్టండి. ఎలివేటర్ సగం వెనక్కి లాగి ఉంచండి, తోక చక్రం నేలని అంటిపెట్టుకుంటుంది. థ్రాటిల్ (మోటారు శక్తి) మూడు, నాలుగు సెకన్ల మీద తెరవండి, ఒక్కసారిగా కాదు. మోడల్ కదిలిన వెంటనే కుడి రడ్డర్ కొంచెం. వేగం అందుకున్నాక ఎలివేటర్ మెల్లగా వదిలితే తోక దానంతటదే లేస్తుంది. ఆ క్షణాన రడ్డర్ ఇంకాస్త. ఆ తర్వాత ఓపిక పట్టాలి. చక్రాలు తేలికైనట్టు అనిపించినా ఇంకో రెండు, మూడు సెకన్లు నేల మీదే పరుగెత్తనివ్వండి.

మీ పల్టీ ఎలా జరిగిందంటే: మోడల్ ఎడమకి పోతోందని కంగారుపడి ఎలివేటర్ లాగారు, వేగం చాలకుండానే అది లేచింది. ఎడమ రెక్క స్టాల్ అంచున ఉంది. దాన్ని ఎత్తడానికి కుడి ఎయిలరాన్ ఇచ్చారు, ఎడమ ఎయిలరాన్ కిందికి దిగింది. అప్పటికే స్టాల్ అంచున ఉన్న రెక్కకి అది చివరి దెబ్బ. అలాంటప్పుడు ఎలివేటర్ వదలడం, రడ్డర్‌తో సరిచేయడం, ఈ రెండే దారి.

చక్రాలూ చూడండి. మోటారు ఆపి గట్టి నేల మీద మోడల్‌ని చేత్తో తోస్తే 3 మీటర్లు తిన్నగా పోవాలి. పై నుంచి చూస్తే రెండు చక్రాల ముందు భాగాలూ ఒకటి, రెండు డిగ్రీలు లోపలికి తిరిగి ఉంటే మంచిది. బయటికి తిరిగి ఉంటే ఏ పక్కకి ఒరిగితే ఆ పక్కకే దూసుకుపోతుంది. తోక చక్రం అటూ ఇటూ 15 డిగ్రీలకి మించి తిరగనక్కర్లేదు. పరుగులో ముక్కు మీద బోర్లా పడుతుంటే చక్రాల ఇరుసు వెనకబడి ఉంది. మోడల్‌ని లెవెల్‌గా పెట్టినప్పుడు సీజీ ఇరుసుకి 16 సెం.మీ. పైన ఉంటే, ఇరుసు సీజీకి 4.5 నుంచి 5.5 సెం.మీ. ముందుండాలి. గడ్డి నేల మీద పెద్ద సంఖ్యే మేలు.

మోటారు మౌంట్‌కి కుడివైపు 2, 3 డిగ్రీలు, కిందికి 1, 2 డిగ్రీలు వంపు ఇచ్చారా లేదా రాయలేదు. ఇవ్వకపోతే మౌంట్ వెనక వాషర్లు పెట్టి ఇవ్వండి.

ప్రశ్న: పైపర్ కబ్ జె-3ని 1/6 స్కేల్‌లో చేశాను. చూసినవాళ్లు బాగుందన్నారు గానీ, ఎగురుతుంటే బొమ్మలాగే ఉంది అంటున్నారు. అసలు విమానం వేగాన్ని ఆరుతో భాగించి ఎగరేయాలా?

జవాబు: ఆరుతో భాగిస్తే విమానం పడిపోతుంది. లెక్క చూడండి. అసలు కబ్ గంటకి సుమారు 120 కి.మీ. వేగంతో ప్రయాణిస్తుంది, సుమారు 61 కి.మీ. దగ్గర స్టాల్ అవుతుంది. 120ని ఆరుతో భాగిస్తే 20. మీ మోడల్ ఏ వేగం దగ్గర స్టాల్ అవుతుంది? కబ్ పూర్తి బరువు 553 కిలోలు. బరువు స్కేల్‌కి ఘనంగా తగ్గుతుంది కాబట్టి 216తో భాగిస్తే 2.56 కిలోలు. రెక్క వైశాల్యం 16.6 చదరపు మీటర్లు, అది వర్గంగా తగ్గుతుంది, 36తో భాగిస్తే 46 చదరపు డెసీమీటర్లు. అంటే చదరపు డెసీమీటరుకి 56 గ్రాములు. వేగం మాత్రం స్కేల్ వర్గమూలంతో తగ్గుతుంది. ఆరుకి వర్గమూలం 2.45. 61ని 2.45తో భాగిస్తే 25. కాబట్టి గంటకి 20 కి.మీ. దగ్గర మీ కబ్ గాల్లో ఉండదు. 120ని 2.45తో భాగించిన 49 కి.మీ. మీ అసలైన స్కేల్ వేగం.

మోడల్ 2.56 కిలోల కన్నా తేలికగా వస్తే ఇంకా నెమ్మదిగా ఎగరేయొచ్చు. అందుకే స్కేల్ మోడల్‌కి తేలికదనమే అన్నిటికన్నా పెద్ద అలంకారం. చివరి పూత రంగు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తూకం వేయండి. రంగుకే వంద గ్రాములు పోయిన మోడళ్లు ఉంటాయి.

బొమ్మలా కనిపించడానికి వేగం ఒక్కటే కారణం కాదు. కబ్‌ని ఎయిలరాన్‌తో మాత్రమే తిప్పితే ముక్కు ముందు బయటికి పోయి, ఆ తర్వాత లోపలికి వస్తుంది. తిరగబోయే ముందు రడ్డర్ ఇచ్చి, ఆ వెంటనే ఎయిలరాన్ ఇవ్వండి. వంపు 20, 25 డిగ్రీలు దాటనివ్వకండి. మలుపు పెద్దదిగా, థ్రాటిల్ మారకుండా, ఎత్తు మారకుండా రావాలి. ఒక ఎనిమిది అంకె, మోటారు బాగా తగ్గించి దిగుతూ ఒక పూర్తి వృత్తం, నేలని తాకి మళ్లీ లేవడం, ఈ మూడూ నున్నగా వస్తే చూసేవాళ్లకి అసలు కబ్బే కనబడుతుంది. నేల మీద కూడా విమానంలాగే నడిపించండి. చక్రాల మీద పరుగులాంటి ట్యాక్సీ చేస్తే గాల్లో సంపాదించిందంతా అక్కడ పోతుంది.

ప్రశ్న: (మొదటి ప్రశ్న అడిగిన పాఠకుడిదే) దిగడానికి చివరి మలుపు తిప్పుతుంటే ఇంతకుముందు మోడల్ హఠాత్తుగా గిరికీలు కొట్టి పడింది. ఈ ఫైటర్‌కి అలా జరగకుండా ఏం చేయాలి?

జవాబు: మీ రెక్క వైశాల్యం 38.4 చదరపు డెసీమీటర్లు. చదరపు డెసీమీటరుకి 83 గ్రాములు. తిన్నగా ఎగిరేటప్పుడు ఇది గంటకి 38 కి.మీ. దగ్గర స్టాల్ అవుతుందని లెక్క. 45 డిగ్రీలు ఒరిగి ఎత్తు నిలుపుకుంటూ తిరిగితే అది 45 కి.మీ. అవుతుంది. 60 డిగ్రీలైతే 54. చివరి మలుపులో చాలామంది మోటారు తగ్గించేస్తారు. మైదానం దాటిపోతామని ఒరుగు పెంచుతారు, ఎలివేటర్ లాగుతారు. మూడూ కలిసి అక్కడే ముంచుతాయి. పైగా రెక్క కొస సన్నగా ఉంటే గాలి అక్కడ ముందు విడిపోతుంది, కాబట్టి నిటారుగా వాలకుండా పక్కకి దొర్లుతుంది.

గాలిలో వేగం ముఖ్యం గానీ నేల మీద కనిపించే వేగం కాదు. గాలి వెనక నుంచి వీస్తున్నప్పుడు మోడల్ వేగంగా పోతున్నట్టు కనబడుతుంది, మోసపోయి థ్రాటిల్ తగ్గిస్తారు. దిగడానికి ముందు గాలి వీచే దిక్కుకే మైదానం పక్కగా ఎగిరేటప్పుడు థ్రాటిల్ ఒక స్థానంలో ఉంచి, మలుపంతా ఆ స్థానం మార్చకుండా, 30 డిగ్రీల లోపు ఒరుగుతో తిప్పండి. నేల దగ్గర రెక్కలు సమంగా పెట్టాక మాత్రమే తగ్గించండి. మైదానం దాటిపోతే మళ్లీ చుట్టి రండి, దానికి సిగ్గుపడాల్సింది లేదు. ముందు చక్రాలు నేలని తాకాకే మోటారు పూర్తిగా ఆపండి.

రెక్క ఇంకా కవరింగ్ కాకపోతే కొసని లోపలి భాగం కన్నా 2 డిగ్రీలు ముందు అంచు కిందికి ఉండేలా మెలిపెట్టండి. కొస వెనక అంచు కింద చిన్న చెక్క ముక్క పెట్టి అతికిస్తే సరిపోతుంది. 18 సెం.మీ. వెడల్పుకి 6 మి.మీ. ఎత్తు. రెండు పక్కలా ఒకే ఎత్తు.

ప్రశ్న: 6 సెల్స్, 4000 ఎంఏహెచ్ బ్యాటరీతో ఎన్ని నిమిషాలు ఎగరొచ్చు?

జవాబు: ఎనభై శాతం మాత్రమే మీది, అంటే 3200. సగటున 20 ఆంపియర్లు లాగితే తొమ్మిదిన్నర నిమిషాలు. టైమర్ మాత్రం మొదట 5 నిమిషాలకి పెట్టండి. దిగాక మళ్లీ ఛార్జ్ చేసేటప్పుడు ఛార్జర్ ఎంత ఎక్కించిందో చూసి, దాన్ని బట్టి పెంచుకోండి. మీట్‌లో మైదానం ఖాళీ అయ్యేదాకా గాల్లో ఆగాల్సి రావచ్చు, కాబట్టి మిగులు ఉంచుకోవడం తప్పనిసరి. ఆ రోజు ఎగరని బ్యాటరీలు సెల్‌కి 3.8 వోల్ట్ల దగ్గరికి దించి దాచండి.

ప్రశ్న: మీట్‌లో ఇబ్బంది పెట్టకుండా ఎలా నడుచుకోవాలి?

జవాబు: మోడల్‌లో బ్యాటరీ కలిపేది స్టార్ట్ చేసే చోటే, పక్కన ఒకరు తోకని పట్టుకుని ఉండగానే. పార్కింగ్‌లో కలపకూడదు. పక్కన ఒక సహాయకుడిని పెట్టుకోండి. ఆయన చూపు ఆకాశం మీద, మీ చూపు మీ మోడల్ మీద. టేకాఫ్, ల్యాండింగ్, మైదానంలోకి నడిచి వెళ్లడం, మోటారు ఆగిపోవడం, అన్నీ గట్టిగా అరిచి చెప్పాలి. మోటారు ఆగిన విమానానికి అందరూ దారి వదలాలి. నిర్వాహకులు గీసిన గీత వెనక్కి మోడల్‌ని ఎప్పుడూ రానివ్వకండి. జనం వైపు తిరిగే మలుపు కన్నా బయటికి తిరిగే మలుపు నేర్చుకోండి.

ప్రశ్న: ఎండలో ఉంచితే రెక్క కవరింగ్ ముడతలు పడి, ఒక రెక్క మెలిపడింది. మీట్ నాటికి సరవుతుందా?

జవాబు: సరవుతుంది. రెక్కని చదునైన బల్ల మీద పెట్టి రెండు కొసల్లోనూ వెనక అంచు ఎత్తు కొలవండి. తేడా ఎటు ఉందో తెలిశాక, మెలికకి వ్యతిరేకంగా కాస్త ఎక్కువే తిప్పి పట్టుకుని, ఇంకొకరితో పైనా కిందా కవరింగ్ మీద ఇస్త్రీ గానీ హీట్ గన్ గానీ తిప్పించండి. ముడతలు పోయాక కూడా చల్లారేదాకా, ఒక నిమిషం పాటు, అలాగే తిప్పి పట్టుకోవాలి. వెంటనే వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. చల్లారాక మళ్లీ కొలవండి. వాషౌట్ (పైన చెప్పిన కొస మెలిక) పెట్టిన రెక్కలో రెండు కొసలకీ ఆ 6 మి.మీ. సమంగా మిగిలిందో లేదో అప్పుడే చూసుకోవాలి. మీట్‌లో ఎగురుకీ ఎగురుకీ మధ్య మోడల్‌ని తెల్లటి గుడ్డ కింద, నీడలో ఉంచండి. ముదురు రంగు వేసిన రెక్కకి ఇది మరీ అవసరం.